హాజరు పట్టీలోని అలిఫ్

తెలకపల్లి బడిలోనే కాదు, పాలమూరు సీమలో ఏ బడిలోనైనను ఉదయము మొదట తెరచునది హాజరు పట్టీ. ఉపాధ్యాయుడు పేరు పిలుచును, విద్యార్థి పలుకును, పట్టీలో ఒక గుర్తు పడును. ఈ 'హాజరు' అను మాట ఎక్కడిదని అడుగు విద్యార్థి అరుదు. అడిగినచో ఉర్దూ మాటయని చెప్పి పాఠమునకు దిగుట పరిపాటి. ఆ సమాధానము తప్పు కాదు గాని సగము మాత్రమే. మాట ఉర్దూ వాకిటి నుండి వచ్చినది, పుట్టినిల్లు అరబ్బీ. ఆ మాటలో 'హా' యను దీర్ఘమున్నదే, అది పలుకుబడి వలన కలిగిన సాగుడు కాదు. అది యొక అక్షరము. దాని పేరు అలిఫ్. దానిని తీసివేసినచో 'వచ్చియున్నవాడు' అను అర్థము పోయి 'వచ్చియుండెను' అను క్రియ మాత్రము మిగులును.

కచేరీలలోను, అంగళ్లలోను నిత్యము వినబడు మఱికొన్ని మాటలను దీని ప్రక్కన నిలిపి చూడవలెను. బాకీ, జారీ, రాజీ, దాఖలు, ఖాళీ, వారసు, జామీను, కాజీ. అన్నిటను మొదటి హల్లు వెంటనే దీర్ఘమైన ఆకారమున్నది. ఇది కాకతాళీయము కాదు. బాకీ యనగా మిగిలియున్నది. జారీ యనగా ప్రవహించునది; ఉత్తర్వు జారీ యైనదనుటలో ఏరు పారిన భావమున్నది. దాఖలు లోపల ప్రవేశించునది. వారసు వారసత్వము పొందువాడు. జామీను అరబ్బీలో పూచీపడు మనిషి; తెలుగులో పూచీకే ఆ పేరు వచ్చినది. రాజీ యనగా తృప్తి పొందినవాడు. మన తగవులలో రాజీపడినవారిలో తృప్తి పొందినవారెందఱో చెప్పుట కష్టము! ఇవి యన్నియు పని చేయువానిని, లేక ఆ స్థితిలో నున్నదానిని చెప్పు పదములే. ఆ అర్థమును మోయుచున్నది ఆ ఒక్క అలిఫు.

ఇన్ని అరబ్బీ మాటలు ఈ మెట్టపొలముల నడుమకు ఎట్లు వచ్చినవి? తెలకపల్లి నేడు నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. ఈ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. అంతకు ముందు ఈ ప్రాంతము మహబూబ్‌నగరు జిల్లాలో నుండెను. నిజాము రాజ్యమున మొదట ఫారసీ, 1884 తరువాత ఉర్దూ రాజభాషలైనవి. ఫారసీ తన శాస్త్రపదములను, న్యాయపదములను అరబ్బీనుండి తెచ్చుకొన్నది. ఉర్దూ వానిని ఫారసీనుండి గ్రహించినది. తాలూకా కచేరీనుండి పట్వారీ చావడికి, అచటినుండి రైతు నోటికి ఆ మాటలు దిగినవి. 'రైతు' అను మాటయే ఆ త్రోవన వచ్చినదని చెప్పిన చాలును. ప్రక్కనే గద్వాల, వనపర్తి సంస్థానములలో సంస్కృతాంధ్ర పండితులకు సత్కారములు జరుగుచుండెను. గద్వాలకు విద్వద్గద్వాలయని పేరు కూడ వచ్చినది. కాని ఆ పండితుడు సైతము ఇంటికి పోయి పొలము శిస్తు గూర్చి మాటలాడునపుడు బాకీ, దాఖలు, జారీ అనక తప్పదు.

ఇక అలిఫును గూర్చి. మన బాలుడు 'అ'తో అక్షరాభ్యాసము మొదలుపెట్టినట్లు ఉర్దూ బాలుడు అలిఫుతో మొదలుపెట్టును. దానినిబట్టి అలిఫనగా మన అకారమే యని పలువురు తలచుదురు. ఇచ్చటనే పొరబాటున్నది. మన అకారమునకు స్వంతధ్వని కలదు. హల్లులన్నిటిలో అది యిమిడియుండును. అరబ్బీ లిపిలో అక్షరములన్నియు ప్రధానముగా హల్లులే. హ్రస్వాచ్చులను అక్షరముల పైనను క్రిందను చిన్న గుర్తులతో చూపుదురు. వాడుక వ్రాతలో ఆ గుర్తులను కూడ విడిచివేయుదురు. అలిఫు ఒక నిలువు గీత. పదము మొదట నున్నపుడు అది 'హంజా' యను కంఠధ్వనికి పీఠము మాత్రమే. మాటలాడబోవుచు గొంతు ఒక్క క్షణము బిగిసి విడువబడును గదా, ఆ విడుపే హంజా. పీఠముపై 'అ' కూర్చుండవచ్చును, 'ఇ' కూర్చుండవచ్చును, 'ఉ' కూర్చుండవచ్చును. పదము నడుమనో చివరనో నున్నపుడు అలిఫు ముందున్న హల్లునకు దీర్ఘమునిచ్చును. మఱియొక లక్షణము: అది ముందున్న అక్షరముతో కలియును గాని తరువాతి అక్షరముతో కలియదు.

పీఠమన్న మాటకు మన గ్రామములలోనే చక్కని ఉదాహరణ దొరకును. ఇనాము భూమి యనగా తెలియనివారు లేరు. 1955లో ఇనాముల రద్దునకు హైదరాబాదు రాజ్యమున చట్టమే వచ్చినది. ఇనాము అనగా బహుమానము, అనుగ్రహము. ఉర్దూలో దానిని అలిఫు, నూను, ఐను, అలిఫు, మీము అను అయిదక్షరములతో వ్రాయుదురు. సరిగా ఆ అయిదక్షరములతోనే, ఆ వరుసలోనే, 'అన్‌ఆమ్' అను మఱియొక పదము కూడ వ్రాయబడును. దానికి అర్థము పశువులు! మొదటి అలిఫునకు క్రింద గుర్తున్నచో బహుమానము, పైన గుర్తున్నచో పశుగణము. గుర్తు లేనిచో సందర్భమే శరణ్యము. ఈ అక్షరపు ప్రాచీన సెమిటిక్ నామమైన 'అలెఫ్'నకు ఎద్దు అని యర్థము. ఫినీషియనులు ఎద్దు తలవంటి రూపముతో దానిని వ్రాసిరి. గ్రీకులు దానినే 'ఆల్ఫా' యని అచ్చుగా మార్చుకొనిరి. బ్రాహ్మీలిపిలోని అకారము కూడ ఆ ఎద్దు తలనుండియే వచ్చినదని బూలరు వంటి పండితులు వాదించిరి. అందఱును అంగీకరింపలేదు. అంగీకరించినచో మన 'అ'యు ఆ అలిఫును దూరపు జ్ఞాతులగును.

మొదటి యక్షరమైనను దానికి అన్నిచోట్ల అగ్రపూజ జరుగలేదు. 8వ శతాబ్దిలో బస్రా నగరమున నున్న ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అరబ్బీ భాషకు తొలి గొప్ప నిఘంటువును సంకల్పించినపుడు అలిఫుతో ప్రారంభింపలేదు. అలిఫు నిలకడ లేనిది, ఒకచోట దీర్ఘమై, ఒకచోట హంజాయై, ఒకచోట లోపించునది. కనుక ఆయన ధ్వనులను పుట్టుచోటునుబట్టి వరుస పెట్టి, కంఠపు లోతునుండి పుట్టు 'ఐను'తో గ్రంథమును మొదలిడెను. ఆ గ్రంథమునకు 'కితాబుల్ ఐన్' అనియే పేరు. కంఠ్యములతో మొదలు పెట్టి ఓష్ఠ్యములకు వచ్చు మన వర్గాక్షరముల క్రమమెఱిగిన ఉపాధ్యాయులకు ఈ ఆలోచన పరాయిదిగా తోచదు.

తెలుగు చెవికి మాత్రము అలిఫునకు, ఐనునకు భేదము లేదు. అసలు, అమీను అనువానిలో మొదట నున్నది అలిఫు. అమలు, అర్జీ అనువానిలో నున్నది ఐను. తెలుగువాడు అన్నిటికిని ఒకే 'అ' వ్రాసెను. అందువలన నష్టము లేదు. తెలుగుమాట తెలుగు మర్యాదనే పాటించవలెను. కాని అర్జీకై ఉర్దూ నిఘంటువులో అలిఫు పుటలను తిరుగవేయు విద్యార్థికి ఎంత వెదకినను ఆ మాట దొరకదు.

అరబ్బీ వ్యాకరణమున పదముల పుట్టుక మన భాషలవలె ప్రత్యయమును చివర చేర్చుటతో ముగియదు. సాధారణముగా మూడు హల్లులు ధాతువు. వాని నడుమ అచ్చులను మార్చుట వలన పదములు పుట్టును. 'వ్రాయుట' యను భావమునకు క, త, బ అను మూడు హల్లులు. 'కతబ' యనగా అతడు వ్రాసెను. ఇందులో అలిఫు లేదు. ఇప్పుడు అలిఫును ఒక్కొక్కచోట నిలుపుచు పోవలెను. మొదటి హల్లునకు ముందు పెట్టినచో 'అక్తుబు', నేను వ్రాయుదును. మొదటి హల్లు తరువాత పెట్టినచో 'కాతిబ్', వ్రాయువాడు. ఉర్దూ పత్రికలు యంత్రాక్షరములకు మారకముందు పుటలన్నియు చేతితో వ్రాసిన లేఖకులకు కాతిబులనియే పేరు. రెండవ హల్లు తరువాత పెట్టినచో 'కితాబ్', వ్రాయబడినది, పుస్తకము. మూడవ హల్లు తరువాత పెట్టినచో 'కతబా', వారిద్దఱు వ్రాసిరి. ఇది ద్వివచనము. తెలుగున లేని ద్వివచనమును సంస్కృత తరగతిలో కష్టపడి నేర్చుకొను విద్యార్థికి ఇచ్చట ఒక్క నిలువు గీత ఆ పని చేయుట చూచి ఆశ్చర్యము కలుగకపోదు. నిలువు గీత అదే. నిలిచిన చోటునుబట్టి ఉత్తమపురుష, కర్త, నామము, ద్వివచనము!

ఇంకను ఒక చోటు మిగిలియున్నది. 'వారు వ్రాసిరి' అనుటకు బహువచనము 'కతబూ'. చివరి 'ఊ'కారమునకు వావు అను అక్షరము చాలును. అయినను దాని వెనుక ఒక అలిఫును వ్రాయుదురు. దానిని ఎవరును పలుకరు. పలుకని యక్షరమెందులకు? 'మఱియు' అను అర్థమిచ్చు సముచ్చయమునకు కూడ ఆ వావే గుర్తు. అది పదముల నడుమ వచ్చి బహువచనపు వావుతో కలగాపులగము కాకుండ నిలుపుటకు ఆ మూగ అలిఫు కావలి యని వ్యాకర్తలు చెప్పుదురు. దానికి 'వేఱుపఱచు అలిఫు' అని పేరు. ఈ సంగతి మన అరసున్నను జ్ఞప్తికి తెచ్చును. 'ఏఁడు' అనగా సంవత్సరము, 'ఏడు' అనగా సంఖ్య. నోటికి రెండును ఒక్కటే. కంటికి భేదము కలదు. అచ్చు పుస్తకములనుండి అరసున్న దాదాపుగా తొలగినది. అరబ్బీవారు తమ మూగ అలిఫును విడువలేదు.

పై యుదాహరణములలో కాతిబు రూపమే మన హాజరు, బాకీ, వారసు మాటల రూపము. దీనిని ఉర్దూ వ్యాకరణములలో 'ఇస్మె ఫాయిల్', కర్తను తెలుపు నామము అందురు. ఛందస్సునకు 'యమాతారాజభానస' యని నమూనా పెట్టుకొన్నట్లు, అరబ్బీవారు ఫ, ఐను, ల అను మూడక్షరములను పదరూపములన్నిటికిని కొలబద్దగా పెట్టుకొనిరి. ఆ మూటికి 'చేయుట' యని యర్థము. ఫాయిల్ అనగా చేయువాడు. సంస్కృతమున పఠ ధాతువునుండి పాఠకుడు, పచ ధాతువునుండి పాచకుడు పుట్టుట స్మరింపుడు. అచ్చటను కర్తను చెప్పునపుడు తొలి అకారము దీర్ఘమగుచున్నది. పోలిక ముచ్చటైనది గాని చుట్టఱికము లేదు. సంస్కృతమున ణ్వుల్ ప్రత్యయము చేరుట వలన వృద్ధి కలుగును. అరబ్బీలో ప్రత్యయమేమియు లేదు, అలిఫే లోపల చొచ్చి పని నెఱవేర్చును. రెండు భాషాకుటుంబములు వేఱు. బాలురకు చెప్పునపుడు పోలికను చూపి, దానిని బంధుత్వముగా పొరబడకుండ హెచ్చరించుట మంచిది.

హాజరు పట్టీలోని పేర్లలోనే ఈ వ్యాకరణమంతయు ఉన్నది. హామిద్, మహమూద్, అహ్మద్ అను ముగ్గురు బాలురు ఒకే తరగతిలో నుండుట సాధారణము. మువ్వురి పేర్లకును స్తుతి యను అర్థము గల హ, మ, ద అను ధాతువే మూలము. హామిద్ అనగా స్తుతించువాడు, నడుమ అలిఫున్నది. మహమూద్ అనగా స్తుతింపబడినవాడు. అందు అలిఫు లేదు. అహ్మద్ అనగా మిక్కిలి స్తుతిపాత్రుడు. అలిఫు మొదటికి వచ్చి తారతమ్యమును చెప్పుచున్నది. కబీర్ అనగా పెద్దవాడు, అక్బర్ అనగా మఱింత పెద్దవాడు. మహబూబ్‌నగరునకు పేరిచ్చిన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేరులోని మహబూబ్ కూడ మహమూద్ వంటిదే: ప్రేమింపబడినవాడు.

అరబ్బీ బహువచనములను చూచినచో అలిఫు వింతలు మఱికొన్ని కనబడును. కబురు అను మన తెలుగుమాట 'ఖబర్' నుండి వచ్చినది. దాని ముందొక అలిఫు, చివరి హల్లునకు ముందొక అలిఫు చేర్చినచో 'అఖ్‌బార్', కబురులు. ఉర్దూలో అదియే వార్తాపత్రికకు పేరు. తరఫు అనగా దిక్కు, ప్రక్క. దాని బహువచనము 'అత్రాఫ్'. నిజాము కాలమున హైదరాబాదు చుట్టును ఉన్న జిల్లాకు 'అత్రాఫె బల్దా', నగరపు చుట్టుప్రక్కలు అని పేరు. హుకుం అనగా ఆజ్ఞ, 'అహ్‌కామ్' ఆజ్ఞలు. వక్ఫు ఒక్కటి, 'ఔకాఫ్' అనేకము. అన్నిటికంటె చిత్రమైనది ఆసామి. ఊరిలో మోతుబరిని ఆసామి యందురు, ఒక్క మనిషి. కాని అరబ్బీలో 'అసామీ' యనగా పేర్లు. అది బహువచనమునకు మఱల చేసిన బహువచనము. కౌలు పట్టికలలోని పేర్ల వరుసకు చెల్లిన మాట క్రమముగా ఆ వరుసలోని ఒక్కొక్క మనిషికి చెల్లినది.

అలిఫు కనబడియు వినబడకపోవుట మఱియొకచోట గలదు. మొదటి నిజాము బిరుదు నిజాముల్ ముల్కు. ఇది 'నిజాము' అనుదానికి 'అల్ ముల్క్' చేరగా నైనది. వ్రాతలో అల్ అను దాని అలిఫు నిలిచియే యుండును, పలుకునపుడు పోవును. మన ఉత్వసంధిలో 'రాముడు + అతడు' రాముడతడు అగునపుడు ముందరి అచ్చు లోపించును. ఇచ్చట వెనుకటి అచ్చు లోపించినది. షంసుద్దీన్ వంటి పేర్లలో అలిఫుతోపాటు లకారము కూడ తన ధ్వనిని వదలుకొని దకారముగా మాఱును. ప్రశ్నకు సైతము అరబ్బీలో పదము ముందు 'అ' చేర్చుదురు. తెలుగువారు 'వచ్చెనా' యని చివర ఆకారముతో అడుగుదురు!

లెక్కలో అలిఫు విలువ ఒకటి. అక్షరములకు సంఖ్యలను కట్టి సంవత్సరములను పదములలో దాచు పద్ధతి అరబ్బీ, ఫారసీలలో కలదు. మన కటపయాది వంటిది. చార్మినారు కట్టిన హిజరీ 1000వ సంవత్సరమునకు 'యా హాఫిజ్' అను మాటను చెప్పుదురు. యే 10, అలిఫు 1, హే 8, అలిఫు 1, ఫే 80, జోయ్ 900, మొత్తము 1000. హాఫిజ్ అనగా కాపాడువాడు. ఇదియు ఫాయిల్ రూపమే. కర్తను తెలుపుటకు వచ్చిన అలిఫు ఇచ్చట లెక్కలో ఒకటిని కూడ ఇచ్చినది. అది లేనిచో ఏడాది తక్కువగును.

ఈ చర్చ వ్యాకరణప్రియులకు మాత్రమే సంబంధించినది కాదు. నిజాము కాలపు సర్వే ననుసరించి తయారైన సేత్వారు పత్రములు పెక్కులు ఉర్దూలో నున్నవి. భూమి తగవులలో నేటికిని వానిని సాక్ష్యముగా చూపుదురు. 1948 వఱకు కచేరీ భాష ఉర్దూయే కనుక ఆ తరమున చదువుకొన్నవారు వానిని సునాయాసముగా చదువగలిగిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమైనపుడు పై చదువులు కూడ ఉర్దూలోనే సాగినవి. ఆ తరము గడచినది. వారి మనుమలకు తాతల భూమి కాగితము ఇంటిలో నున్నను అది గీతల బొమ్మగానే మిగిలినది. చదివించుకొనుటకు ఇతరులను ఆశ్రయింపవలసినదే.

ఆ కాగితమున మ, ల, క అను మూడక్షరములు కనబడినవనుకొందము. అలిఫు లేనిచో అది 'మిల్క్', అనగా ఆస్తి కావచ్చును. 'ముల్క్', దేశము కావచ్చును. 'మలిక్', రాజు కావచ్చును. మీము తరువాత ఒక్క నిలువు గీత యున్నచో అది 'మాలిక్', యజమాని. ఆస్తికిని ఆస్తిపరునికిని నడుమ నున్నది ఆ గీత యొక్కటియే. కలము వేగమున అది పొట్టిదైనను, కాగితము మడతలో చెరిగినను, చదువువాడు వాక్యమంతటిని మఱల చూడక నిర్ణయింపరాదు.

ఊళ్ల పేర్లు మఱింత చిక్కు పెట్టును. గద్వాలను ఉర్దూలో వ్రాయునపుడు 'వా' దీర్ఘము కొఱకు అలిఫు వచ్చును. నాగర్‌కర్నూలులో 'నా' కొఱకు వచ్చును. వనపర్తికి అలిఫుతో పనిలేదు. తెలకపల్లిని తెలుగు ఉచ్చారణ ననుసరించి వ్రాసినచో తే, లామ్, కాఫ్, పే, లామ్, యే అను ఆరక్షరములే కాగితముపై నుండును. మొదటి ఎకారము, నడుమ అకారములు, చివరి ద్విత్వము, ఏవియు గుర్తులు పెట్టనిదే కానరావు. ఊరెఱిగినవానికి అది తెలకపల్లి. ఎఱుగనివానికి తిల్కపలీయో, తలక్పలీయో. కాఫ్ తరువాత వ్రాయసకాడు ఒక అలిఫును చేర్చినచో ఊరి పేరు 'తెలకాపల్లి' యగును. అందుచేత ఇట్టి పత్రమును చదువుటకు కూర్చుండువారు ఒకరు ఉర్దూ తెలిసినవారును, ఒకరు ఆ ఊరి పొలముల పేర్లు తెలిసినవారును అయినచో పని త్వరగా తెమలును. లిపి తెలిసినవారు అలిఫు ఎచ్చట నున్నదో చూచి చెప్పుదురు. అలిఫు లేనిచోట ఏ అచ్చును పలుకవలెనో ఊరివారు చెప్పుదురు.